పౌండు

పౌండు అనేది ఒక తూనిక ప్రమాణం పేరు. అదే సమయంలో అది ఒక ద్రవ్య ప్రమాణం పేరు కూడా. తూనికగా ఒక పౌండు 0.45359237 కిలోగ్రాములకు, అనగా సుమారు 454 గ్రాములకు సమానం. ద్రవ్యంగా పౌండు అంటే ముఖ్యంగా యునైటెడ్ కింగ్‌డం దేశపు కరెన్సీ. దీని పూర్తి పేరు పౌండ్ స్టెర్లింగ్. ఈజిప్టు, సిరియా, లెబనాన్, సూడాన్, దక్షిణ సూడాన్ తదితర దేశాల కరెన్సీలను కూడా ఆంగ్లంలో పౌండు అనే పిలుస్తారు. పాత తెలుగు రచనలలో ఈ మాట పౌను అనే రూపంలోనూ కనిపిస్తుంది.

ఒకే మాటకు ఈ రెండు అర్థాలు యాదృచ్ఛికంగా ఏర్పడినవి కావు. తొలి రోజులలో పౌండు ద్రవ్యం అంటే ఒక పౌండు తూగే వెండి. కాలక్రమంలో నాణెంలోని వెండి తగ్గిపోయింది, చివరకు పూర్తిగా మాయమైంది. పేరు మాత్రం నిలిచిపోయింది. తూనిక పౌండు కూడా దేశాన్ని బట్టి, తూచే సరుకును బట్టి పలు రకాలుగా ఉండేది. భౌతిక శాస్త్రంలో ఇదే మాటను ద్రవ్యరాశికీ, బలానికీ కూడా వాడతారు. అందువలన పౌండు అన్న మాట కనిపించినపుడు అది ఏ పౌండో తెలుసుకొనుట అవసరం. తెలుసుకోకపోవడం వలన ఒక విమానం ఆకాశంలో ఇంధనం లేకుండా నిలిచిపోయింది, ఒక అంతరిక్ష నౌక నాశనమైంది. ఆ వివరాలు ఈ వ్యాసంలో తరువాత ఉన్నాయి.

పేరు వెనుక కథ

లాటిన్ భాషలో లిబ్రా అంటే త్రాసు అనీ, ఒక తూనిక అనీ అర్థాలు ఉన్నాయి. రాశులలోని తులా రాశికి లాటిన్ పేరు కూడా లిబ్రాయే. పోండో అంటే బరువును బట్టి అని అర్థం. రోమనులు లిబ్రా పోండో అని కలిపి వాడేవారు. అనగా తూనికలో ఒక లిబ్రా. ఈ జంట పదంలోని రెండవ భాగం జర్మను కుటుంబపు భాషలలోకి వెళ్ళి ఆంగ్లంలో పౌండు, జర్మన్‌లో ఫుండ్ అయింది. మొదటి భాగం ఇటలీలో లీరా, ఫ్రాన్సులో లీవ్ర్ అయింది.

పౌండు తూనికకు వాడే ఎల్‌బి అన్న సంక్షిప్త రూపానికి, పౌండు అన్న మాటలోని అక్షరాలకు ఎటువంటి పొంతన లేకపోవడానికి కారణం ఇదే. అది లిబ్రా అన్న మాటకు సంక్షిప్తం. ద్రవ్యపు పౌండుకు వాడే గుర్తు కూడా అడ్డగీత గీసిన ఎల్ అక్షరమే. అదీ లిబ్రాలోని మొదటి అక్షరమే.

రోమనుల లిబ్రా సుమారు 328 గ్రాములు. దానిని 12 భాగాలు చేసి ఒక్కొక్క భాగాన్ని ఉన్సియా అనేవారు. పన్నెండవ వంతు అని అర్థం గల ఈ మాట నుండే తూనికలో ఔన్సు, పొడవులో అంగుళానికి ఆంగ్లంలో వాడే ఇంచి అనే రెండు మాటలు పుట్టాయి.

తూనికగా పౌండు

మధ్యయుగపు ఐరోపాలో ప్రతి రాజ్యానికీ, కొన్నిచోట్ల ప్రతి నగరానికీ సొంత పౌండు ఉండేది. ఇంగ్లాండులో వాడుకలో ఉన్న వాటిలో మూడు ముఖ్యమైనవి. వీటిని పోల్చడానికి గ్రెయిన్ అనే చిన్న ప్రమాణం ఉపకరిస్తుంది. గ్రెయిన్ అంటే ధాన్యపు గింజ; మన గురివింద గింజ తూకం వలె ఇదీ గింజ నుండి పుట్టిన ప్రమాణమే. ఒక గ్రెయిన్ సుమారు 0.0648 గ్రాములు.

టవర్ పౌండు: 5,400 గ్రెయిన్లు, సుమారు 350 గ్రాములు. లండన్ టవర్ కోటలోని టంకశాలలో నాణేల తయారీకి వాడేవారు. 16వ శతాబ్దంలో ఎనిమిదవ హెన్రీ కాలంలో దీనిని తొలగించి, దీని స్థానంలో ట్రాయ్ పౌండును ప్రవేశపెట్టారు.

ట్రాయ్ పౌండు: 12 ట్రాయ్ ఔన్సులు, 5,760 గ్రెయిన్లు, సుమారు 373.24 గ్రాములు. ఫ్రాన్సులో సంతలకు ప్రసిద్ధి చెందిన ట్రోయ్ నగరం వలన ఈ పేరు వచ్చిందని సాధారణంగా చెబుతారు. బంగారం, వెండి, మందులు తూచడానికి వాడేవారు.

అవర్డుపోయిజ్ పౌండు: 16 ఔన్సులు, 7,000 గ్రెయిన్లు, 453.59237 గ్రాములు. తూచి అమ్మే సరుకులు అని అర్థం గల పాత ఫ్రెంచి మాటల నుండి ఈ పేరు వచ్చింది. ఉన్ని, మాంసం, ధాన్యం వంటి సాధారణ సరుకులకు వాడేవారు. నేడు పౌండు అని మాత్రమే అంటే దీనినే గ్రహించాలి.

ఈ తేడా వలన ఒక చిత్రమైన పొడుపు ప్రశ్న ఏర్పడింది. ఒక పౌండు దూదీ, ఒక పౌండు బంగారమూ తూస్తే ఏది బరువు? రెండూ సమానమే అన్నది తొందరపాటు సమాధానం. బంగారాన్ని ట్రాయ్ పౌండులో తూచే రోజులలో దూదియే బరువు. ఎందుకంటే దూది 453.6 గ్రాములు, బంగారం 373.2 గ్రాములు మాత్రమే. అయితే ఒక ఔన్సు దూదీ, ఒక ఔన్సు బంగారమూ తూస్తే ఫలితం తారుమారవుతుంది. పౌండుకు 12 ట్రాయ్ ఔన్సులే కనుక ట్రాయ్ ఔన్సు పెద్దది (31.1 గ్రాములు), సాధారణ ఔన్సు చిన్నది (28.35 గ్రాములు).

బ్రిటన్‌లో ట్రాయ్ పౌండును 1878 నాటి తూనికలు, కొలతల చట్టం ద్వారా తొలగించారు. ట్రాయ్ ఔన్సు మాత్రం మిగిలింది. నేటికీ అంతర్జాతీయ విపణిలో బంగారం, వెండి ధరలను ట్రాయ్ ఔన్సుకు ఇంత అనే చెబుతారు. దినపత్రికలలో ఔన్సు బంగారం ధర చూసి 28.35 గ్రాములతో భాగిస్తే లెక్క తప్పుతుంది, 31.1 గ్రాములతో భాగించాలి.

ప్రమాణ పౌండు

తూనికలు అందరికీ ఒకటిగా ఉండాలంటే ఎక్కడో ఒకచోట అసలు తూనికరాయిని భద్రపరచాలి. 1824 నాటి చట్టం ప్రకారం బ్రిటిషు సామ్రాజ్యానికి ఒక ట్రాయ్ పౌండు రాయి ప్రమాణంగా ఉండేది. 1834 అక్టోబరులో లండన్‌లోని పార్లమెంటు భవనం తగలబడినపుడు ఆ ప్రమాణం కూడా పోయింది. దాని స్థానంలో ప్లాటినంతో కొత్త ప్రమాణాన్ని తయారుచేసి, 1855లో చట్టబద్ధం చేశారు. ఈసారి ట్రాయ్ పౌండును కాక, 7,000 గ్రెయిన్ల అవర్డుపోయిజ్ పౌండును ప్రమాణంగా తీసుకున్నారు.

అమెరికా 1893లో తన పౌండును కిలోగ్రాము ఆధారంగా నిర్వచించుకున్నది. దానితో అమెరికా పౌండుకూ, బ్రిటిషు పౌండుకూ అతి స్వల్పమైన తేడా ఉండేది. సంతలో ఇది లెక్కలోకి రాదు కానీ సూక్ష్మమైన కొలతలలో ఇబ్బంది కలిగించేది. 1959లో అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణాఫ్రికా దేశాలు ఒక ఒప్పందానికి వచ్చి, ఒక పౌండు అంటే సరిగ్గా 0.45359237 కిలోగ్రాములు అని నిర్ణయించాయి. అనగా పౌండుకు నేడు సొంత తూనికరాయి లేదు. అది కిలోగ్రాములో ఒక భాగం మాత్రమే. కిలోగ్రామును కూడా 2019 మే 20 నుండి లోహపు దిమ్మెతో కాక ప్లాంక్ స్థిరాంకం ఆధారంగా నిర్వచిస్తున్నారు.

జర్మనీ, ఫ్రాన్సు, నెదర్లాండ్స్ దేశాలలో మెట్రిక్ పద్ధతి వచ్చిన తరువాత కూడా జనం పాత పేరును వదులుకోలేదు. అక్కడి సంతలలో పౌండు అని అడిగితే సరిగ్గా 500 గ్రాములు, అనగా అరకిలో తూచి ఇస్తారు.

ముఖ్యమైన మార్పిడులు

1 పౌండు = 16 ఔన్సులు = 453.59 గ్రాములు
1 కిలోగ్రాము = 2.2046 పౌండ్లు
1 స్టోన్ = 14 పౌండ్లు = 6.35 కిలోగ్రాములు
1 బ్రిటిషు హండ్రెడ్‌వెయిట్ = 112 పౌండ్లు = 50.80 కిలోగ్రాములు
1 బ్రిటిషు టన్ను = 2,240 పౌండ్లు = 1,016 కిలోగ్రాములు
1 అమెరికా టన్ను = 2,000 పౌండ్లు = 907.2 కిలోగ్రాములు

కాగితం లేకుండా పౌండ్లను కిలోగ్రాములలోకి మార్చడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. పౌండ్లను సగం చేసి, వచ్చిన దానిలో పదవ వంతు తీసివేయాలి. ఉదాహరణకు 150 పౌండ్లలో సగం 75. అందులో పదవ వంతు 7.5 తీసివేస్తే 67.5 కిలోలు. అసలు విలువ 68.04 కిలోలు. నిత్య వ్యవహారానికి ఈ మాత్రం సరిపోతుంది.

భారతదేశపు తూనికలతో సంబంధం

బ్రిటిషు పాలనలో భారతదేశపు తూనికలను ఇంగ్లాండు తూనికలతో ముడిపెట్టారు. 1833లో తులం బరువును 180 గ్రెయిన్లుగా స్థిరపరచారు. వెండి రూపాయి బరువు కూడా అంతే. అనగా రూపాయి నాణెమే తులం రాయిగా పనికివచ్చేది. 80 తులాలు ఒక సేరు. 40 సేర్లు ఒక మణుగు. ఈ లెక్కన ఒక మణుగు 5,76,000 గ్రెయిన్లు, అనగా సరిగ్గా 100 ట్రాయ్ పౌండ్లు. సాధారణ పౌండ్లలో ఇది 82 పౌండ్ల పైచిలుకు, సుమారు 37.3 కిలోలు.

తెలుగు ప్రాంతాలలో అధిక భాగం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అక్కడి మణుగు వేరు. 120 తులాలు ఒక వీశె; అది 3.09 పౌండ్లు, సుమారు 1.4 కిలోలు. ఎనిమిది వీశెలు ఒక మణుగు. అది సుమారు 25 పౌండ్లు. పాత దస్తావేజులలో, కథలలో మణుగు అన్న మాట కనిపించినపుడు అది 25 పౌండ్ల మణుగా, 82 పౌండ్ల మణుగా అన్నది ప్రాంతాన్ని బట్టి నిర్ణయించుకోవాలి.

స్వాతంత్ర్యానంతరం భారత ప్రభుత్వం 1956లో చేసిన చట్టంతో మెట్రిక్ పద్ధతి దశలవారీగా అమలులోకి వచ్చి, పౌండు, వీశె, మణుగు వాడుక నుండి తొలగిపోయాయి. 11.66 గ్రాముల తులం మాత్రం బంగారు దుకాణాలలో 10 గ్రాముల తులంగా మారి నిలిచింది.

ద్రవ్యంగా పౌండు

ఎనిమిదవ శతాబ్దం చివరలో ఫ్రాంకుల రాజు షార్లమేన్ ఒక పౌండు వెండి నుండి 240 దెనారియస్ నాణేలు చేయాలని నిర్ణయించాడు. 12 దెనారియస్‌లు ఒక సాలిడస్, 20 సాలిడస్‌లు ఒక లిబ్రా. ఇంగ్లాండులో ఇవి వరుసగా పెన్నీ, షిల్లింగు, పౌండు అయ్యాయి. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు అనే ఈ లెక్క బ్రిటన్‌లో 1971 వరకు సాగింది. పెన్నీకి పాత పద్ధతిలో డి అనే అక్షరాన్ని గుర్తుగా వాడడానికి కారణం కూడా దెనారియస్సే.

ఆ కాలంలో చెలామణిలో ఉన్న నాణెం పెన్నీ మాత్రమే. పౌండు అనే నాణెం లేదు. 240 పెన్నీలను లెక్కపెట్టినా, త్రాసులో ఒక పౌండు తూచినా సమానంగా ఉండాలన్నది ఏర్పాటు. టవర్ పౌండులోని 5,400 గ్రెయిన్లను 240తో భాగిస్తే పెన్నీ బరువు 22.5 గ్రెయిన్లు వస్తుంది. స్టెర్లింగ్ అన్న మాట ఈ పెన్నీలకు వచ్చిన పేరు. దాని పుట్టుక గురించి పండితులలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. చిన్న నక్షత్రం అని అర్థం చెప్పేవారు కొందరు. 92.5 శాతం స్వచ్ఛత గల వెండిని నేటికీ స్టెర్లింగ్ వెండి అంటారు.

పేరు నుండి విడిపోయిన తూకం

రాజులకు యుద్ధాల వంటి అవసరాలకు ధనం కావలసి వచ్చినపుడు నాణెంలో వెండిని తగ్గించడం ఒక తేలిక మార్గం. 1351లో మూడవ ఎడ్వర్డు కాలంలో పెన్నీ బరువు 18 గ్రెయిన్లకు పడిపోయింది. 1544 నుండి 1551 వరకు ఎనిమిదవ హెన్రీ, ఆరవ ఎడ్వర్డుల కాలంలో వెండిలో రాగిని విపరీతంగా కలిపారు. చరిత్రకారులు దీనిని మహా కల్తీ అని వర్ణిస్తారు. ధరలు పెరిగి, ప్రజలకు నాణెంపై నమ్మకం సడలింది. మొదటి ఎలిజబెత్ రాణి 1560-61లో ఆ కల్తీ నాణేలను వెనక్కు తీసుకొని, మంచి వెండితో కొత్త నాణేలను ముద్రింపజేసింది.

స్వచ్ఛత తిరిగి వచ్చింది కానీ బరువు తిరిగి రాలేదు. 1601 నుండి ఒక ట్రాయ్ పౌండు స్టెర్లింగ్ వెండితో 62 షిల్లింగులు చేయసాగారు. అనగా ఒక పౌండు వెండితో 3 పౌండ్ల 2 షిల్లింగుల ద్రవ్యం తయారయ్యేది. 1816లో దీనిని 66 షిల్లింగులు చేశారు. 1920లో నాణేలలోని వెండిని 50 శాతానికి తగ్గించారు. 1947లో వాడుక నాణేల నుండి వెండిని పూర్తిగా తొలగించారు. 2024 నాటి ధరల ప్రకారం ఒక పౌండు కరెన్సీతో రెండు గ్రాముల వెండి కూడా రాదు.

బంగారం వైపు

1694లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు స్థాపనతో కాగితపు నోట్ల వాడకం పెరిగింది. 1717లో టంకశాల అధిపతిగా ఉన్న శాస్త్రవేత్త ఐజాక్ న్యూటన్ సూచన మేరకు గినీ అనే బంగారు నాణెం విలువను 21 షిల్లింగులుగా నిర్ణయించారు. ఈ లెక్కలో బంగారానికి ఎక్కువ విలువ దక్కడంతో వెండి దేశం వదిలి పోయింది; ఇంగ్లాండు క్రమంగా స్వర్ణ ప్రమాణంలోకి జారుకున్నది.

1816 నాటి చట్టం స్వర్ణ ప్రమాణాన్ని అధికారికం చేసింది. మరుసటి ఏడాది ఒక పౌండు విలువ గల సావరిన్ అనే బంగారు నాణెం వెలువడింది. దీని బరువు 7.988 గ్రాములు, స్వచ్ఛత 22 క్యారెట్లు. అంతవరకు తూనిక పేరుగా, లెక్కల పేరుగా సాగిన పౌండు ఈ నాణెంతో మళ్ళీ ఒక స్థిరమైన తూకానికి కట్టుబడింది. అయితే ఆ తూకం పౌండు కాదు, ఎనిమిది గ్రాములు.

తెలుగునాట బంగారాన్ని కాసులలో, సవరన్లలో లెక్కించే అలవాటుకు ఈ నాణెమే మూలం. సవరను అన్న మాట సావరిన్ యొక్క తెలుగు రూపం. కాసు బంగారం అంటే ఎనిమిది గ్రాములు అన్న లెక్క కూడా దీని బరువు నుండి వచ్చినదే. తమిళనాడులో ఎనిమిది గ్రాముల బంగారాన్ని పవును అంటారు. అది పౌండు అన్న మాటయే. 1918లో సావరిన్‌ను బొంబాయిలో కూడా ముద్రించారు.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన 1914లో బంగారు సావరిన్‌లు బ్రిటన్ చెలామణి నుండి తప్పుకున్నాయి. 1925లో ఆర్థికమంత్రి విన్‌స్టన్ చర్చిల్ పౌండును యుద్ధానికి ముందున్న ధరకే తిరిగి బంగారంతో ముడిపెట్టాడు. ఆ ధర మరీ ఎక్కువ కావడంతో బ్రిటిషు ఎగుమతులు దెబ్బతిన్నాయి. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ స్వర్ణ ప్రమాణాన్ని వదిలివేసింది. తరువాత పౌండు విలువను డాలరుతో ముడిపెట్టి, 1949లో 4.03 డాలర్ల నుండి 2.80 డాలర్లకు, 1967లో 2.40 డాలర్లకు తగ్గించారు. 1970వ దశకం నుండి దాని విలువ ప్రధానంగా విపణి గిరాకీని బట్టి మారుతూ ఉంది. పౌండు, డాలరు మారకపు రేటును వర్తకులు కేబుల్ అని పిలుస్తారు. 19వ శతాబ్దంలో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన తంతి ద్వారా ఈ ధర లండన్, న్యూయార్క్ నగరాల మధ్య చేరేది.

దశాంశ పద్ధతి

పౌండుకు 240 పెన్నీలు అన్న లెక్కకు ఒక సౌకర్యం ఉండేది. 240ని 2, 3, 4, 5, 6, 8, 10, 12, 15, 16, 20 వంటి ఎన్నో సంఖ్యలతో శేషం లేకుండా పంచవచ్చును. మన రూపాయికి 16 అణాలు, 192 పైలు అన్న పాత లెక్క కూడా ఇటువంటిదే. అయితే కూడికలు, గుణకారాలు కష్టం. భారతదేశం 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతికి మారగా, బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న మారింది. నాటి నుండి పౌండుకు 100 పెన్నీలు, షిల్లింగు లేదు.

ఒక పౌండు నోటు స్థానంలో 1983లో గుండ్రని నాణెం వచ్చింది. దొంగ నాణేలు ఎక్కువ కావడంతో 2017లో 12 అంచులు గల, రెండు లోహాల నాణెం ప్రవేశపెట్టారు. దీని బరువు 8.75 గ్రాములు. ఒక పౌండు తూనిక కావాలంటే ఈ నాణేలు సుమారు 52 కావాలి.

రూపాయి, పౌండు

భారతదేశ చరిత్రలో పౌండుకు ఎన్ని రూపాయలు అన్నది లెక్కల ప్రశ్న మాత్రమే కాదు, పన్నుల భారానికి సంబంధించిన ప్రశ్న. రూపాయి వెండి నాణెం. పౌండు బంగారంతో ముడిపడినది. 1870వ దశకం మొదట్లో రూపాయి సుమారు 2 షిల్లింగులు, అనగా పౌండుకు 10 రూపాయలు. ఆ తరువాత ప్రపంచమంతటా వెండి ధర పడిపోయింది. 1893లో ప్రభుత్వం వెండిని స్వేచ్ఛగా నాణేలుగా ముద్రించడం ఆపివేసినా, రూపాయి కొంతకాలం ఇంకా దిగజారింది. 1890వ దశకం చివరకు 1 షిల్లింగు 4 పెన్నీల వద్ద, అనగా పౌండుకు 15 రూపాయల వద్ద నిలిచింది.

భారత ప్రభుత్వం లండన్‌లో చెల్లించవలసిన వడ్డీలు, పింఛన్లు తదితర ఖర్చులన్నీ పౌండ్లలో ఉండేవి. పౌండుకు 10 రూపాయలు ఉన్నపుడు 10 రూపాయలతో తీరే బాకీకి, పౌండు 15 రూపాయలు కాగానే 15 రూపాయలు వసూలు చేయవలసి వచ్చింది. బాకీ పెరగలేదు, కానీ దానిని తీర్చడానికి ఇక్కడి ప్రజల నుండి రాబట్టవలసిన రూపాయలు ఒకటిన్నర రెట్లయ్యాయి.

1927లో వివాదం మరో దిశలో తిరిగింది. ప్రభుత్వం రూపాయిని 1 షిల్లింగు 6 పెన్నీల వద్ద స్థిరపరచింది. పౌండుకు 13 రూపాయల 5 అణాల 4 పైలు. దీనివలన లండన్ ఖర్చులు తేలికయ్యాయి, దిగుమతులు చవకయ్యాయి. కానీ ఒక పౌండు విలువ చేసే పత్తిని ఎగుమతి చేసిన రైతుకు, 15 రూపాయలు రావలసిన చోట 13 రూపాయల చిల్లర మాత్రమే వచ్చేది. పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ ప్రభృతులు దీనిని గట్టిగా వ్యతిరేకించారు. ఈ సమస్యల పూర్వ చరిత్రను బి.ఆర్. అంబేద్కర్ 1923లో ప్రచురించిన రూపాయి సమస్య అనే ఆంగ్ల గ్రంథంలో విశ్లేషించాడు.

స్వాతంత్ర్యం తరువాత కూడా చాలాకాలం ఇదే రేటు సాగింది. 1949లో పౌండుతో పాటు రూపాయి విలువను కూడా తగ్గించడంతో రెండింటి మధ్య రేటు మారలేదు. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించినపుడు పౌండు 21 రూపాయలైంది. 1967లో బ్రిటన్ తన కరెన్సీ విలువ తగ్గించగా అది 18 రూపాయలకు వచ్చింది. 1975 సెప్టెంబరులో రూపాయికి పౌండుతో ఉన్న ముడిని తెంచివేసి, పలు కరెన్సీల సమూహంతో ముడిపెట్టారు. 2024లో పౌండు విలువ 100 రూపాయలకు పైగా ఉన్నది.

ఇతర దేశాల పౌండ్లు

ఈజిప్టు, సూడాన్ దేశాలలో తమ కరెన్సీని అరబ్బీలో జునైహ్ అంటారు. ఇది గినీ అన్న మాట నుండి వచ్చింది. సిరియా, లెబనాన్ దేశాలలో లీరా అంటారు. ఇది లిబ్రా నుండి వచ్చింది. ఆంగ్లంలో మాత్రం అన్నీ పౌండ్లే. జిబ్రాల్టర్, ఫాక్‌లాండ్ దీవులు, సెయింట్ హెలెనా తమ సొంత పౌండ్లను బ్రిటిషు పౌండుతో సమానమైన విలువకు జారీ చేస్తాయి.

పౌండును వదులుకున్న దేశాలు కూడా అనేకం. దక్షిణాఫ్రికా 1961లో రాండ్‌కు, ఆస్ట్రేలియా 1966లో, న్యూజీలాండ్ 1967లో డాలరుకు, నైజీరియా 1973లో నైరాకు మారాయి. ఐర్లండు పౌండు, ఇటలీ లీరా 2002లో, సైప్రస్ పౌండు 2008లో యూరోకు చోటిచ్చాయి. తూనిక నుండి పుట్టిన కరెన్సీ పేర్లలో పౌండు ఒంటరిది కాదు: జర్మనీలో ఒకప్పటి మార్కు, ఇజ్రాయెల్ దేశపు షెకెల్, స్పానిషు భాషలో బరువు అని అర్థం గల పెసో ఇటువంటివే.

భౌతిక శాస్త్రంలో పౌండు

నిత్య వ్యవహారంలో ద్రవ్యరాశికీ, బరువుకూ తేడా చూపరు. శాస్త్రంలో చూపాలి. ఒక పౌండు ద్రవ్యరాశి గల వస్తువును భూమి ఆకర్షించే బలాన్ని పౌండు-బలం అంటారు; ఇది 4.448 న్యూటన్లు. ఇదే వస్తువు చంద్రునిపై ఉంటే ద్రవ్యరాశి ఒక పౌండే, కానీ దానిపై పనిచేసే ఆకర్షణ బలం సుమారు ఆరవ వంతు మాత్రమే. టైరులో గాలి ఒత్తిడిని చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని చెప్పినపుడు అక్కడి పౌండు బలమే కాని ద్రవ్యరాశి కాదు.

ఇళ్ళలోని ఏసీ యంత్రం సామర్థ్యాన్ని టన్నులలో చెప్పడం కూడా పౌండు ఆధారంగా వచ్చినదే. ఒక పౌండు నీటిని ఒక ఫారెన్‌హీట్ డిగ్రీ వేడి చేయడానికి కావలసిన ఉష్ణం ఒక బ్రిటిషు ఉష్ణ ప్రమాణం. ఒక పౌండు మంచు కరగడానికి ఇటువంటివి సుమారు 144 కావాలి. 2,000 పౌండ్ల, అనగా ఒక అమెరికా టన్ను మంచును 24 గంటలలో కరిగించే వేడిని లెక్కిస్తే గంటకు 12,000 ప్రమాణాలు వస్తాయి. అదే ఒక టన్ను ఏసీ. యంత్రం బరువుతో దీనికి సంబంధం లేదు.

పొరపాట్లు, ప్రమాదాలు

1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767 విమానం ఒకటి మాంట్రియల్ నుండి ఎడ్మంటన్‌కు బయలుదేరింది. కెనడా అప్పుడే మెట్రిక్ పద్ధతికి మారుతున్నది. ఈ విమానం ఇంధనాన్ని కిలోగ్రాములలో లెక్కించే కొత్త రకం. ఇంధనమాపకం పనిచేయకపోవడంతో సిబ్బంది చేతితో లెక్క వేశారు. ప్రయాణానికి 22,300 కిలోల ఇంధనం కావాలి. ట్యాంకులలో 7,682 లీటర్లు ఉన్నది. లీటరు ఇంధనం బరువు 0.803 కిలోలు. కానీ లెక్కలో 1.77 అన్న అంకెను వాడారు. అది లీటరు బరువు పౌండ్లలో. ఫలితంగా 20,000 లీటర్లకు పైగా నింపవలసిన చోట 5,000 లీటర్ల లోపే నింపారు.

దారి మధ్యలో, 41,000 అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు విమానాన్ని గాలిలో తేలించుకుంటూ తెచ్చి, మానిటోబా రాష్ట్రంలోని గిమ్లీ అనే ఊరిలో మూతబడిన వైమానిక దళ స్థావరంలో దించారు. విమానంలోని 69 మందీ బ్రతికి బయటపడ్డారు.

1999 సెప్టెంబరు 23న అమెరికా అంతరిక్ష సంస్థ నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారక గ్రహాన్ని చేరింది. దాని చిన్న రాకెట్ల తోపుడును భూమిపై ఉన్న ఒక కంప్యూటరు ప్రోగ్రాము పౌండు-బలంలో లెక్కించగా, ఆ అంకెలను అందుకున్న మరొక ప్రోగ్రాము వాటిని న్యూటన్లుగా భావించింది. ప్రతి లెక్కలోనూ 4.45 రెట్ల తేడా వచ్చింది. నెలల తరబడి పేరుకున్న ఈ తేడా వలన నౌక అనుకున్న ఎత్తు కంటే బాగా కిందికి, గ్రహ వాతావరణంలోకి దిగి నాశనమైంది.

ఈ రెండు సందర్భాలలోనూ గుణకారం తప్పలేదు, అంకె తప్పలేదు. అంకె పక్కన ఉండవలసిన ప్రమాణం పేరు లోపించింది. విద్యార్థులు సమాధానంలో ప్రమాణాన్ని తప్పక వ్రాయాలని ఉపాధ్యాయులు పట్టుబట్టడానికి ఇవి మంచి ఉదాహరణలు.

నేటి వాడుక

పౌండు తూనిక నేడు ప్రధానంగా అమెరికాలో నిలిచి ఉంది. అక్కడ కూరగాయల ధర, మనుషుల బరువు, పసిపిల్లల బరువు అన్నీ పౌండ్లలోనే. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు బిడ్డ పుట్టిన వార్తను ఏడు పౌండ్ల రెండు ఔన్సులు అని చెబితే, ఇక్కడి బంధువులు దానిని 3.2 కిలోలుగా మార్చుకోవాలి. బ్రిటన్‌లో విడి సరుకులను మెట్రిక్ ప్రమాణాలలో అమ్మాలన్న నియమం 2000 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. పక్కన పౌండు ధరను కూడా చూపవచ్చును. అక్కడ మనుషుల బరువును నేటికీ స్టోన్లు, పౌండ్లలో చెప్పుకోవడం సామాన్యం. క్రికెట్ బంతి బరువు కూడా ఔన్సులలో నిర్ణయించినదే: పురుషుల క్రికెట్‌లో ఐదున్నర నుండి ఐదుముప్పావు ఔన్సులు, అనగా 156 నుండి 163 గ్రాములు.

ఇతర అర్థాలు

ఆంగ్లంలో పౌండు అన్న మాటకు తూనిక, ద్రవ్యాలతో సంబంధం లేని అర్థాలు కూడా ఉన్నాయి. అవి వేరే మూలం నుండి వచ్చి, పలుకుబడిలో ఒకటైనవి.

బందెలదొడ్డి: పంటచేలలో పడిన పశువులను పట్టి ఉంచే దొడ్డి. బ్రిటిషు ప్రభుత్వం 1871లో చేసిన పశువుల అతిక్రమణ చట్టంలో ఈ అర్థంలోనే పౌండు అన్న మాట వాడారు.
దంచుట: రోటిలో వేసి దంచడం, గట్టిగా బాదడం అనే క్రియ.
ఎజ్రా పౌండ్ (1885-1972): అమెరికాలో పుట్టిన ఆంగ్ల కవి.
ఒక పౌండు మాంసం: షేక్స్‌పియర్ నాటకం ది మర్చంట్ ఆఫ్ వెనిస్‌లో షైలాక్ అనే వడ్డీ వ్యాపారి బాకీకి బదులు కోరినది. ఇక్కడ పౌండు తూనికయే. నిర్దయగా బాకీ రాబట్టుకోవడానికి ఆంగ్లంలో ఇది నుడికారమైంది.

ఇవి కూడా చూడండి

కిలోగ్రాము
తులం
వీశె
రూపాయి
స్వర్ణ ప్రమాణం
బందెలదొడ్డి